గోడలకు నోళ్ళు కూడా ఉంటాయి

గోడలకు చెవులుంటాయని పెద్దలంటారు. మా కొత్త ఇంటి గోడలకు మాత్రం చెవులు లేవు, నోళ్ళే ఉన్నాయి. ఆ నోళ్ళు మూయించడానికి నేనూ మా అన్నా పోయిన ఎండాకాలం సెలవులన్నీ ఖర్చు చేశాం. ఫిజిక్సు పాఠమనుకొని పేజీ తిప్పేయకండి. ఇందులో లెక్క ఒక్కటే ఉంది, అదీ చిన్నదే.

మాది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న ఊరు. తాతల నాడు ఇక్కడ అనాబెషాహీ ద్రాక్ష తోటలుండేవి. నేను పుట్టేనాటికి పందిళ్ళు పోయాయి. రింగురోడ్డు వచ్చాక చెలకలు కూడా పోయి, ప్లాట్ల రాళ్ళు మొలిచాయి. మాదీ రెండెకరాలు అమ్మారు. నాయినకు ఇష్టం లేదు, అన్న పట్టుబట్టాడు. ఆ పైసలతోనే పెంకుటిల్లు పడగొట్టి స్లాబు ఇల్లు వేశారు. అన్న తన వాటాలోంచి నాలుగు లక్షలు పెట్టి, సికింద్రాబాదు నుంచి ఒక ఆంప్లిఫయరూ, నా భుజం దాకా వచ్చే రెండు స్పీకర్లూ తెచ్చి మేడ మీది గదిలో నిలబెట్టాడు. నాయిన ఆ గది గడప తొక్కలేదు. కింది నుంచే ఒక మాట అన్నాడు: "భూమి అమ్మి లొల్లి కొనుక్కొచ్చిండు."

చిక్కేమిటంటే, ఆ మాట నిజమే. పాట పెడితే మాటకు మాట అతుక్కొని గంజి అయ్యేది. తబలా మీద ఒక్క దెబ్బ పడితే నాలుగు వినబడేవి. కొన్ని మంద్ర స్వరాల దగ్గర గదంతా బోరుమనేది. షాపువాళ్ళను అడిగితే ఇంకా ఖరీదైన వైర్లు కొనమన్నారు. ఎవరో చెప్పారని అన్న ముప్పై కోడిగుడ్ల అట్టలు తెచ్చి గోడకు అంటించాడు. "అట్టలు సరే, గుడ్లేవిరా?" అంది అమ్మ. గుడ్లూ లేవు, గుణమూ కనబడలేదు.

ఒకరోజు నేను గది నడుమ నిలబడి గట్టిగా ఒక్క చరుపు చరిచాను. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన బాలాహిస్సార్ మీద వినబడుతుంది. అది కట్టినవాళ్ళ నేర్పు. మా గదిలో నా చప్పట్లు రేకు మీద గులకరాళ్ళు దొర్లినట్టు జరజరమని మోగి, ఎంతకీ చావలేదు. తప్పు పెట్టెలది కాదు, గదిదని అప్పుడు తెలిసింది.

ఇటువంటి చిక్కే 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వచ్చింది. కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాట అర్థమయ్యేది కాదు. సంగతి చూడమని వాలెస్ సాబిన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన వీధి సద్దుమణిగిన అర్ధరాత్రులు ఒక ఆర్గాన్ గొట్టం మోగించి, ఆపాక ఆ ధ్వని ఎంతసేపటికి అణగిపోతుందో గడియారం పట్టి కొలిచాడు. ఖాళీ శాలలో అది ఐదున్నర సెకన్లు. పక్క థియేటరు నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి పరుస్తూ పోతే ఆ సమయం తగ్గుతూ వచ్చింది. ధ్వనిని మింగే శక్తికి ఆయన పెట్టుకున్న కొలత ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ! దానిలోంచి బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు గదా.

అది చదివి మా పాత ఇంటిని తలుచుకున్నాను. మట్టి గోడలు, పెంకుల సందులు, మూలకు వడ్ల బస్తాలు, దండెం నిండా బట్టలు. ఇల్లంతా చెవులే. కొత్త గదో? పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. సిమెంటు, టైల్సు, అద్దం. దాని ఘనపరిమాణం 28.3 ఘనమీటర్లు. దీన్ని 0.161తో గుణించి, గది మింగే శక్తితో భాగించాలి. మా గోడలూ, నేలా, కప్పూ అన్నీ కలిపినా ఒకటిన్నర చదరపు మీటర్ల తెరిచిన కిటికీకి సాటి రావు. సమాధానం 3 సెకన్లకు పైనే.

మందు తెలిసింది, ఇక వైద్యం మిగిలింది. పడగొట్టిన ఇంటి వాసాలు పెరట్లో పడి ఉన్నాయి. వాటిని కోసి చట్రాలు చేశాం. మేడ్చల్లో దూది ఏకించి తెచ్చి నాలుగంగుళాల మందాన నింపాం. పైన కప్పడానికి అమ్మ సందూకలోంచి నాయినమ్మ కుట్టిన బొంతలు తీసి ఇచ్చింది. ఎక్కడ తగిలించాలో తెలియడానికి ఒక ఉపాయముంది. నేను కుర్చీలో కూర్చున్నాను. అన్న అద్దం పట్టుకొని పక్క గోడ వెంట జరిగాడు. అద్దంలో స్పీకరు కనబడిన చోటే ధ్వని గోడకు తగిలి నా చెవికి వస్తుందన్నమాట. మొత్తం ఎనిమిది చదరపు మీటర్లు కప్పాం. లెక్క 0.6 సెకన్లకు దిగింది.

బోరుమనే రోగం మాత్రం మొండిది. పదడుగుల గదిలో సెకనుకు దాదాపు 56 కంపనాల స్వరం గోడల మధ్య నిలబడిపోతుంది. మూడు కొలతలూ ఒకటే కావడంతో అది మూడింతల రోగం. ఆ అలకు నాలుగంగుళాల దూది ఆనదు. స్పీకర్లను గోడకు రెండడుగులు ఇవతలికి లాగి, కుర్చీని వెనుక గోడకు నాలుగడుగుల దూరంలో వేశాక కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు. గది పుట్టుకలోనే ఉన్న దోషం దూదితో పోతుందా?

ఏం పెట్టి విందామని అనుకుంటుండగా అన్నకు నాయిన పాత క్యాసెట్ గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట నాట్లప్పుడు నాయినమ్మ పాడుతుంటే గట్టు మీద టేప్‌రికార్డరు పెట్టి నాయినే పట్టింది. నాయినమ్మ ఇప్పుడు లేదు. ఆ టేప్‌రికార్డరునే ఆంప్లిఫయరుకు తగిలించాం. సుయ్యిమనే రొద, దాని వెనుక నాయినమ్మ గొంతు. ఇన్నాళ్ళూ ఈ గదిలో గంజిలా కలిసిపోయిన పాటలో మాట మాటా విడివిడిగా వినబడింది. పాడుతూ పాడుతూ ఆమె ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది.

వెనక్కు చూస్తే గుమ్మంలో నాయిన ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో! లోపలికొచ్చి ఆ ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. గోడకున్న బొంతను చూశాడు, చట్రానికున్న వాసాన్ని చేత్తో తడిమాడు. పాట నడుమ ఏదో విని చెయ్యెత్తాడు.

"అగో, మన బాయి మోటరు."

మేం విన్నాం. పాట వెనుక సన్నగా, ఆగకుండా, బుడుబుడుమని మోటరు. ఆ బావి అమ్మిన రెండెకరాల్లోనే ఉండేది. ఇప్పుడు పూడ్చేశారు, దాని మీద ఎవరిదో ప్లాటు.

ముగ్గురమూ ఏమీ మాట్లాడలేదు. గోడలూ మాట్లాడలేదు. క్యాసెట్ ఒక పక్క అయిపోయి టక్కుమని ఆగింది. ఇల్లు కట్టినప్పటి నుంచీ అన్నతో ముఖాన ముఖం పెట్టి మాట్లాడని నాయిన, అన్న వైపు తిరిగి అన్నాడు:

"మల్లొకపారి పెట్టురా."

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి