అడాప్టరు ఊడినా మోగాల్సిన గిటార్

గిటార్ శబ్దంలో ఏ భాగాన్ని అంకెల జోలికి పోనివ్వకూడదో ముందే తేల్చుకోవాలి. నంద్యాలలో టంకం పొగ మధ్య కూర్చుని ఎఫెక్ట్స్ పెడల్ కట్టుకుంటూ నేను నేర్చుకున్నది ఇదే.

ఆళ్లగడ్డలో ఒక కుర్రాడున్నాడు. ఆదివారం చర్చిలో, ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాడు. డిస్టార్షన్, ఎకో రెండూ ఒకే పెట్టెలో కావాలన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "అన్నా, స్టేజీ మీద ఎవరి కాలన్నా తగిలి అడాప్టరు ఊడిపోయినా గిటారు మూగబోకూడదు." డిజైనంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

అంతా డిజిటల్‌గా చేయడం ఈ రోజుల్లో తేలికే. ఒక ప్రాసెసర్, లోపలికొక కన్వర్టర్, బయటికొక కన్వర్టర్, మిగతాదంతా ప్రోగ్రాం. అలా ఒకటి కట్టి చూశాను. ఎకో చక్కగా వచ్చింది, డిస్టార్షన్ దగ్గరే చెవి ఒప్పుకోలేదు. సెకనుకు 48,000 సార్లు కొలిచే చోట 24,000 హెర్ట్జ్ దాటిన స్వరానికి చోటుండదు. డిస్టార్షన్ కోసం తరంగం నెత్తి కోసేస్తే పుట్టే హార్మోనిక్స్ ఆ హద్దు దాటుతాయి. దాటినవి మాయం కావు, కిందికి మడతపడి రాగంతో సంబంధం లేని స్వరాలై తిరిగొస్తాయి. సన్నతీగను పన్నెండో ఫ్రెట్ దాటాక లాగి వాయించండి. స్వరం పైకి పోతుంటే, అడుగున ఇంకేదో కిందికి దిగుతున్నట్టు వినపడుతుంది. లెక్కను ఎన్నో రెట్ల వేగంతో చేస్తే ఇది తగ్గుతుంది, నిజమే. కానీ ఎదురుబొదురుగా టంకం వేసిన రెండు సిలికాన్ డయోడ్లు, సుమారు 0.6 వోల్టుల దగ్గర కరెంటుకు దారిచ్చి, నెత్తి కోసే ఈ పనిని ఏ లెక్కా లేకుండా చేసేస్తాయి.

ఎకో సంగతి వేరు. అది గుర్తుపెట్టుకునే పని. 1969లో ఫిలిప్స్ పరిశోధకులు సాంగ్‌స్టర్, టీర్ శబ్దాన్ని ఒక కెపాసిటర్ నుంచి ఇంకో కెపాసిటర్‌కు అందిస్తూ ఆలస్యం చేసే సర్క్యూట్ కనిపెట్టారు. గొప్ప ఆలోచన, కాకపోతే చేతులు మారినకొద్దీ శబ్దం మాసిపోతుంది. డిజిటల్‌లో ఒక సెకను ఆలస్యమంటే 48,000 అంకెలు దాచుకుని వరసగా తీయడమే. అందుకే డిస్టార్షన్‌ను డయోడ్లకు, ఎకోను ప్రాసెసర్‌కు అప్పగించాను.

ఆళ్లగడ్డ శిల్పశాలల్లో మొదట కటింగ్ మిషన్ తిరుగుతుంది, ముఖం దగ్గరికొచ్చేసరికి ఉలి పడుతుంది. మిషన్ ఎక్కడ ఆగాలో రాయి మీద గీత గీసినప్పుడే శిల్పికి తెలుసు. నా సర్క్యూట్ కాగితం మీద కూడా మొదటి గీత అలాగే పడాలని అక్కడ నిలబడినప్పుడే అనిపించింది.

అనలాగ్, డిజిటల్ కలిసే ఆ హద్దు దగ్గరే అసలు కష్టమంతా. కరోకె సెట్లలో ఎకో కోసం వాడే పీటీ2399 ఐసీని చూడండి: మూడో కాలు అనలాగ్ గ్రౌండ్, నాలుగో కాలు డిజిటల్ గ్రౌండ్. వేలెడంత లేని ఐసీలోనే రెండింటినీ వేరుచేశారు. నా బోర్డులో కూడా రెండు గ్రౌండ్లకూ వేర్వేరు రాగి దారులు వేసి, పవర్ లోపలికొచ్చే చోట మాత్రమే కలిపాను. తీగలు మౌనంగా ఉన్నప్పుడు సన్నగా వినపడే క్లాక్ కూత అప్పుడే అణిగింది.

ఇప్పుడు గిటార్ శబ్దం బఫర్, డయోడ్లు దాటి నేరుగా పెట్టెలోని మిక్సర్‌కు పోతుంది. పక్కదారిలో ఒక పాయ మాత్రమే ప్రాసెసర్‌లోకి వెళ్లి, ఎకోగా తిరిగొస్తుంది. పవర్ పోతే రిలే తనంతట తానే వదిలేసి, లోపలి జాక్‌ను బయటి జాక్‌కు కలిపేస్తుంది. అతను వాయిస్తుండగా అడాప్టరు నేనే పీకాను. ఎకో తెగింది, డిస్టార్షన్ పోయింది, గిటార్ మాత్రం మోగుతూనే ఉంది. ఇప్పుడేమో ఎకో కూడా ఉన్నట్టుండి తెగిపోకుండా మెల్లగా ఆగాలంటున్నాడు. అడిగింది న్యాయమే. అందుకు ప్రాసెసర్‌కూ మిక్సర్‌కూ చిన్న బ్యాటరీ పెట్టాలి, పెట్టెలో దానికి చోటు వెతుకుతున్నాను.