మా ఇంట్ల ఉతుకుడు మిషను

మా బట్టలు మేమే ఉతుక్కున్నాం. తాతల నాటి నుంచీ మేమే. ఊరి చాకలి పొద్దున్నే గడప గడపకూ పోయి మైల మూటలు ఎత్తుకునేవాడు. మాదిగ వాడ మొదట్లో ఉన్న చింతచెట్టు దాకా వచ్చి అక్కణ్ణుంచి వాగుకు మళ్లేవాడు. పెళ్లయినా, పురుడైనా, చావైనా మా బట్ట వాళ్ల మూటలోకి ఎక్కలేదు.

చాకలోళ్ల మీద నాకు కోపం లేదు. మా బట్ట ముట్టుకున్నాడని తెలిస్తే వాడికి ఊళ్లో ఇంకో గడప దొరకదు. వాళ్లూ దొరల గడీల్లో వెట్టి చేసినోళ్లే. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడి పాలకుర్తిలో తన పంటను దక్కించుకున్న ఐలమ్మ చాకలామె. ఎవరి మురికి ఎవరు ఉతకాలో రాసిపెట్టింది వాళ్లూ కాదు, మేమూ కాదు.

వాగులో కూడా లెక్కుండేది. ఎగువన ఊరోళ్లు తాగే చెలిమలు, దాని కింద చాకలిరేవు, అందరికంటే దిగువన మేము. అంటే ఊరంతా ఉతికి వదిలిన నీళ్లలో మా అవ్వ మా బట్టలు ఉతికేది. నా స్కూలు డ్రెస్సు తెల్లగా లేదని ఒక సారు నన్ను బెంచీ ఎక్కించిన రోజు, అవ్వ ఏమీ అనకుండా ఆ చొక్కాను చౌడు మట్టి పెట్టి రాత్రిదాకా రుద్దింది. తెలుపు రాలేదు. నీళ్లే ఎర్రగా ఉంటే చొక్కా ఎట్ల తెల్లబడుతది?

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి మా తాత సంగతి కూడా చెప్పాలె. తాత మోటలు కుట్టేవాడు. పచ్చి తోలును సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, లందలో తంగేడు చెక్క నీళ్లు పోసి ఊరబెట్టి, ఆరెతో పొడిచి కుట్టేవాడు. ఆ మోట రోజుకు ఎన్నిసార్లు బావిలోకి దిగేదో. ఆ నీళ్లతోనే దొర మడి పారేది, కూరగాయలు పండేవి. తోలు బావిలో మునిగితే మైల లేదు. తోలు కుట్టిన చెయ్యి బావి గట్టు తాకితే మైల. ఈ లెక్క నాకు బీఎస్సీ చదివినా అర్థం కాలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపేశారు. ఆ గొడవ మొదలైందీ నీళ్ల దగ్గరే. మాదిగలు తాగే చెరువులో గేదె కుడితి బకెట్టు కడుగుతుంటే వద్దన్నందుకు.

నేను 2012 డీఎస్సీలో టీచర్నైన. ఫిజికల్ సైన్సు చెప్తా. మా ఇంట్ల డిగ్రీ మొగం చూసిన మొదటి మనిషిని. ఉద్యోగం వచ్చినంక కూడా అవ్వ నా బట్టలు తనే ఉతికేది, వద్దన్నా వినేది కాదు. ఆమె వేళ్ల సందులు సబ్బుకు ఒరిసి నెత్తురు కారుతుంటే చూడలేక, ట్రాన్స్‌ఫర్ మీద పోతున్న ఒక టీచరమ్మ దగ్గర పాత మిషను రెండు వేలకు కొన్న. రెండు తొట్ల మిషను. ఒక దాంట్ల ఉతుకుడు, ఇంకో దాంట్ల పిండుడు. ఆటోలో అది మా వాడలో దిగిననాడు పిల్లలంతా చుట్టూ చేరిండ్రు. అవ్వ వారం రోజులు దాన్ని నమ్మలేదు. కాలర్లు చేత్తో రుద్దిగాని లోపల వేసేది కాదు. ఇప్పటికీ అంతే.

మూడేండ్లు నడిచింది. పోయిన ఎండాకాలం ఒకనాడు ఆగింది. బటన్ తిప్పితే మూలుగుతది, తిరగదు.

మెకానిక్‌ను పిలిచిన. సందు మొదట్లో ఫోన్ చేసి "మేడం, ఇల్లు ఎక్కడ?" అన్నడు. చెప్పిన. రెండు నిమిషాలు మాట్లాడలేదు. వచ్చిండు. గోడ మీద అంబేద్కర్ ఫొటో చూసిండు. అప్పటిదాకా ఉన్న "మేడం" ఆ తర్వాత మళ్లీ వినపడలేదు. అవ్వ ఇచ్చిన నీళ్ల గ్లాసు కిటికీ మీద పెట్టి, మిషను వెనక రేకు కూడా విప్పకుండా, ఒకసారి బటన్ తిప్పి విని, "మోటారు కాలింది, నాలుగున్నర వేలు అయితది" అని, వచ్చినందుకు రెండు వందలు తీసుకొని పోయిండు. గ్లాసు నిండుగా అట్లనే ఉంది. అతను డబ్బు కోసం అబద్ధం చెప్పిండా, మా ఇంట్లోంచి తొందరగా బయటపడాలని నోటికొచ్చింది చెప్పిండా, నేను తేల్చలేను. అందరితో అట్లనే ఉంటడేమో కూడా. మాకున్న పెద్ద బాధ ఇదే. ప్రతి చిన్న అవమానం దగ్గరా ఆగి ఇది కులమా కాదా అని లెక్కలు చేసుకోవాలె.

మోటారు కాలితే వాసన రావాలె. రాలేదు. స్కూలు ల్యాబులో రిజిస్టరు మీద సంతకం పెట్టి మల్టీమీటరు తెచ్చిన. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఒకటి గుర్తొచ్చింది. డిగ్రీ ల్యాబులో మా బ్యాచికి నలుగురం. మీటరు పట్టుకునేది, వైర్లు కలిపేది వేరేవాళ్లు. "నీ అక్షరాలు బాగుంటయి" అని నాతో రీడింగులు రాయించేవాళ్లు. మూడేండ్లూ రాసిన. ఫస్టు క్లాసు వచ్చింది.

ఆదివారం ప్లగ్గు పీకి, నీళ్లు వంచి మొదలుపెట్టిన. ముందు తొట్టి అడుగున తిరిగే చక్రం. నడిమధ్య స్క్రూ తీసి పైకి లాగితే కదలలేదు. దాని కింద ఇరుసుకు దారాలు, వెంట్రుకలు చుట్టుకొని తాడులాగా బిగిసినయి. కత్తెర పోదు, స్క్రూడ్రైవర్ పోదు. అవ్వ లోపలికి పోయి పెట్టెలోంచి తాత ఆరె తెచ్చింది. ఇరవై ఏండ్లుగా దాన్ని ఎవరూ వాడలేదు. కొసకు తుప్పు లేదు, ఆముదం రాసి దాచింది. ఆరె కొసతో ఒక్కొక్క పోగూ లాగింది. రూపాయి బిళ్ల ఒకటి, పిన్నీసులు రెండు కూడా బయటపడ్డయి. చక్రం చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. మళ్లీ బిగించి కరెంటు ఇస్తే అదే మూలుగు.

ప్లగ్గు పీకి వెనక రేకు విప్పిన. బెల్టు బాగానే ఉంది. మోటారు వైర్లు ఊడదీసి మీటరు పెడితే లోపలి రెండు చుట్టలూ దాదాపు ఒకే ఓములు చూపించినయి. తెగిన చుట్ట, కాలిన చుట్ట అట్ల చూపించదు. మోటారు బతికే ఉంది. మరి ఎందుకు తిరగదు?

అవ్వ పక్కన కూర్చొని ఆ మూలుగు వింటనే ఉంది. "విసుర్రాయి తీరుగున్నదే బిడ్డా. గింజ పోసినంక మొదటి తిప్పుడే బరువు. తిరగబడితే ఇగ అదే తిరుగుతది. దీన్ని మొదలు తోసెటోడు లేడు" అన్నది.

నేను పదో తరగతికి మోటారు పాఠం చెప్తా. ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు. ఇంటికి వచ్చే కరెంటు సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగుతది. ఒక్క చుట్టతో ఆ ఊగుడు మోటారును వణికిస్తదే కాని ఏ దిక్కుకూ తిప్పదు. అందుకే రెండో చుట్ట పెట్టి, దానికి పోయే కరెంటును ఒక కెపాసిటర్‌తో కొంచెం ముందుకు జరుపుతరు. ఆ తేడాతో తిరుగుడు పుడుతది. కెపాసిటర్ చస్తే మోటారు మూలుగుతూ నిలబడుతది, ఎక్కువసేపు అట్లనే వదిలితే నిజంగానే కాలుతది.

రబ్బరు చెప్పులేసుకొని, పొడి చెక్క మీద నిలబడి, కరెంటు ఇచ్చి ఎండు కట్టెతో కప్పీని తోసిన. తిరిగింది. ఆపి రెండోవైపు తోస్తే రెండోవైపు తిరిగింది. ఎటు తోస్తే అటు. అవ్వ నవ్వింది.

మళ్లీ ప్లగ్గు పీకి కెపాసిటర్ తీసిన. కరెంటు తీసేసినా దాంట్ల దాగిన కరెంటు చెయ్యిని కొట్టగలదు. అందుకని హోల్డరులో పెట్టిన బల్బు వైర్లు దాని కాళ్లకు ఆనించినంకనే ముట్టుకున్న. పైన రాసి ఉంది, పది మైక్రోఫారడ్లు, 440 వోల్టులు. డబ్బా పొట్ట ఉబ్బి ఉంది. సూర్యాపేటలో షాపతను "సారును పంపకపోయిండ్రా" అన్నడు. అదే నంబరుది ఇయ్యమన్న. నూట ఇరవై రూపాయలు. బిగించినంక బటన్ తిప్పితే మిషను ఏమీ జరగనట్టే నడిచింది.

అయితే అసలు సంగతి అప్పుడు బయటపడ్డది. వెనక రేకు బిగిస్తుంటే చెయ్యి జిల్లుమన్నది. టెస్టరు ఆనిస్తే మిషను ఒంటి మీద ఎర్రలైటు వెలిగింది. అవ్వను అడిగితే, "అది ఎప్పుడూ ఉండేదే కదా, తడి చేతికి చీమ కుట్టినట్టు" అన్నది. మూడేండ్లు! ప్లగ్గులో మూడో పిన్ను ఉంది, గోడ సాకెట్టులో మూడో రంధ్రం ఉంది, దాని వెనక వైరే లేదు. మా ఇల్లు వైరింగు చేసినోళ్లు రెండు వైర్లు లాగి పోయిండ్రు. వాడలో నలభై ఇండ్లలో ఎన్నింటికి ఎర్తు ఉందో అడుగుతూ పోయిన. మూడింటికి ఉంది. ఇనుప కూలర్లు, నీళ్ల మోటార్లు, తడి నేల, ఉత్త కాళ్లు. మా ఆడోళ్లు ఎట్ల బతికి ఉన్నరో నాకు అర్థం కాలేదు.

వైరింగు పని నేర్చిన తమ్ముడు వరుస పిల్లగాడిని పిలిచిన. ఎనిమిదడుగుల పైపు, బొగ్గు, ఉప్పు. గుంత మేమే తవ్వినం. తవ్వుడు మా వాడకు కొత్త కాదు. కరెంటు ఫేజుకూ ఎర్తుకూ మధ్య వంద వాట్ల బల్బు పెడితే నిండుగా వెలిగింది. లోపల మిషను ఒంటికి ఆనుకున్న పాత వైరు తొడుగు కూడా మార్చినం. టెస్టరు మళ్లీ వెలగలేదు. ఆ నెలలోనే ఇంకో పదకొండు ఇండ్లకు గుంతలు తవ్వినం. మిగిలినవి నడుస్తున్నయి. పైపు ధర దగ్గర కొందరు ఆగిండ్రు, వాళ్లకు ఎట్ల చెయ్యాలో ఇంకా మాట్లాడుకుంటున్నం.

మిషను అడుగున కొంచెం నీళ్లు కారుతనే ఉన్నయి. ఇరుసు దగ్గరి రబ్బరు అరిగింది, అది దొరకలేదు. అవ్వ కింద తట్ట పెట్టింది.

ఉబ్బిన కెపాసిటర్‌ను స్కూలుకు తీసుకపోయిన. పదో తరగతిలో ముప్ఫై ఇద్దరు. ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా అందరి చేతుల మీదుగా పంపిన. మల్టీమీటరు కూడా. వెనక బెంచీ పిల్ల ఒకతె దాన్ని తిప్పి తిప్పి చూసి, "టీచర్, మీరే బాగుజేసిండ్రా? మెకానిక్ రాలేదా?" అని అడిగింది.

"వచ్చిండు, పోయిండు" అని, బోర్డు మీద రెండు చుట్టలు గీసిన.