పావగడ ఫలితం, పావగడ పహణి

2018 మే 15 గుర్తుందా మీకు? కర్ణాటక అసెంబ్లీ ఎన్నికల్లో పావగడ ఓట్ల లెక్కింపు రోజు. కాంగ్రెస్ వెంకటరమణప్పకూ జేడీఎస్ తిమ్మరాయప్పకూ చివరికి తేలిన తేడా 409 ఓట్లు. అంత బిగి పోటీలో ఫోను కింద పెట్టేదెవరు చెప్పండి! పావగడలో ఉన్నవాళ్లు సరే, బెంగళూరుకు పనికి పోయినవాళ్లు, మడకశిర, పెనుకొండల్లో ఉన్న చుట్టాలు, అందరికీ అదే ఫలితాల పేజీ కావాలి.

అందరూ చూసేది ఒకటే అయినప్పుడు, అడిగిన ప్రతివాడికీ దాన్ని కొత్తగా తయారుచేయడం ఎందుకు? ఎన్నికల సంఘం ఫలితాల పేజీ చిరునామా చివర ‘హెచ్‌టీఎమ్’ అని ఉంటుంది, ఈసారి గమనించండి. 2023లో కర్ణాటక సంకేతం ఎస్10, పావగడ నంబరు 137, పేజీ పేరులో ఆ రెండూ కలిసి ఉండేవి. అంకెలు మారితే పేజీని తిరగరాసి పెడతారు. ఈలోగా వెయ్యిమంది అడిగినా, లక్షమంది అడిగినా అందేది ఆ రాసిపెట్టిన ప్రతే. డేటాబేస్ గడప తొక్కే పనే లేదు. స్టాటిక్ ప్రీరెండరింగ్ అంటే ఇంతేనండీ.

పొలం ఎవరిదో చెప్పే రికార్డు పహణి. దాని దగ్గర ఈ పద్ధతి పనికిరాదు. ఒకప్పుడు చేతిరాతలో ఉన్న పహణీలను, రాష్ట్రమంతటా కలిపి సుమారు 2 కోట్లు, ‘భూమి’ పథకం కంప్యూటర్‌కెక్కించింది. మన పావగడ తాలూకా తిరుమణి వైపు 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కోసం సుమారు 13,000 ఎకరాలు కౌలుకు తీసుకున్నారు కదా, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి. అలా పొలం ఇచ్చిన ఒక ఇంట్లో తండ్రి పోయాడు, అన్నదమ్ములు పంచుకున్నారు, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయింది అనుకోండి. అప్పుడు కూడా నిన్న రాసిపెట్టిన ప్రతే చేతికొస్తే, తండ్రి పేరు చూసి కౌలు డబ్బు ఎవరికిస్తారు? అందుకే సర్వే నంబరు కొట్టగానే సర్వర్ రికార్డు తెరిచి, ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు పేజీ కట్టి పంపాలి. ఆలస్యమవుతుంది, నిజమే. చెనిక్కాయ విత్తే అదనులో జనమంతా ఒక్కసారి అడిగితే ఆ బరువంతా సర్వర్ మీదే. అయినా ఆ ఆలస్యం భరించదగిందే అంటాను.

భరించకూడనిది వేరే ఉంది. పహణికి ఫీజు ఎంత, ఏ కాగితాలు తేవాలి అన్న పేజీకి కూడా సర్వర్‌ను లేపడం! సిగ్నల్ అరకొరగా ఉండే ఊళ్లో అది ముందే రాసిపెట్టి ఉంటే ఎంత తేలిక! కాకపోతే అలాంటి పేజీలు కట్టేవాళ్లకు ఒక్క విన్నపం: ఎప్పుడు రాసిందో ఆ తేదీ, సమయం అడుగున చిన్నక్షరాల్లో కాదు, పేజీ నెత్తిన కనబడేట్టు వేయండి.