నల్ల మెట్లు అయిదే, రాగాలూ అయిదు!

ఈ సంగతి ఇన్నాళ్లూ నా చెవిన పడలేదేం! హార్మోనియం మీద తెల్ల మెట్ల జోలికి పోకుండా నల్లవి మాత్రమే వరసగా నొక్కుతూ పోతే మోహన రాగం పలుకుతుంది! నిజం! సంగీతం నేర్చుకోని నా వేళ్ల కిందే పలికింది!

మీరూ చూడండి. హార్మోనియం లేకపోతే పిల్లల కీబోర్డు చాలు, ఫోన్‌లో పియానో యాప్ అయినా సరే. నల్ల మెట్లు ఒకచోట రెండు, పక్కన మూడు, మళ్లీ రెండు, మళ్లీ మూడు, ఇలా గుంపులుగా ఉంటాయి కదా. మూడింటి గుంపులో ఎడమ చివరి మెట్టు మీద వేలు పెట్టండి. ఇదే మీ స. అక్కడి నుంచి కుడివైపుకి నల్లవే నొక్కండి. స, రి, గ, ప, ద, పై స! ఎక్కడం ఆరోహణ, దిగిరావడం అవరోహణ. రెండుసార్లు ఎక్కి దిగండి చాలు. మాయాబజార్ (1957)లో వెన్నెట్లో పడవ మీద సాగే పాట ఉందే, దాని గాలి గదిలోకి వచ్చేస్తుంది! అదీ మోహనమే!

కచేరీల్లో పక్కవాళ్లు ‘నాలుగున్నర శ్రుతి’ అంటే తలూపడమే తప్ప, ఆ అర ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది, ఎంత ముచ్చటగా ఉందో వినండి! తెల్ల మెట్లకు 1 నుంచి 7 దాకా అంకెలు. వాటి నడుమ నల్లవి ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర లేదు! మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టే లేదు మరి! పాడేవాళ్లు తమ గొంతుకు హాయిగా ఉండే మెట్టును స చేసుకుంటారు. అదే వాళ్ల శ్రుతి. మగవాళ్లు చాలామంది ఒకటీ ఒకటిన్నర దగ్గర, ఆడవాళ్లు ఐదూ ఐదున్నర దగ్గర.

అంటే స ఫలానా మెట్టు కాదు! ఎక్కడ నిలబెడితే అక్కడే స! మిగిలిన స్వరాలన్నీ దాని నుంచి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే పేర్లు!

ఆ దూరాలే స్వరస్థానాలు. స నుంచి పై స చేరే లోపు తెలుపూ నలుపూ కలిపి 12 మెట్లు. అంత మేర ఒక స్థాయి. గొంతు కిందికి దిగితే మంద్రం, నడుమ మధ్యం, పైకి పోతే తారం. స, ప ఎప్పుడూ చలించవు. మకు శుద్ధ, ప్రతి అని రెండు రూపాలు. రి, గ, ద, ని ఒక్కోదానికి మూడేసి. మొత్తం 16 పేర్లు, ఉన్నవేమో 12 చోట్లు! అందుకే చతుశ్రుతి రిషభం ఉన్న మెట్టు మీదే శుద్ధ గాంధారమూ ఉంటుంది! అదే మెట్టు, అదే ధ్వని, రాగాన్ని బట్టి పేరు వేరు! ఇది విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అసలు అద్భుతం ఇంకా చెప్పనే లేదు!

ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి ఐదున్నరలో స మోగించండి. అవే అయిదు నల్ల మెట్లు, ఇంకేదీ ముట్టుకోకుండా, ఐదున్నర నుంచి ఎక్కండి. మోహనం మాయం! ఇప్పుడు మోగుతున్నది మధ్యమావతి! కచేరీ చివర పాడే ఆ నిండైన, చల్లని, తృప్తి నిండిన రాగం!

ఇక ఆరున్నర. ఇక్కడ స కి పైన ప రాదు, కాబట్టి తంబురాలో పంచమం తీసేసి మధ్యమం పెట్టుకోండి. నెమ్మదిగా ఎక్కండి. ఒళ్లు జలదరించింది నాకు! హిందోళం! సామజవరగమన హిందోళం! మోహనంలో స తర్వాతి స్వరం రెండు మెట్ల దూరంలో ఉండేది, ఇక్కడ మూడు మెట్లు ఎక్కాలి. అది రి కాదు, సాధారణ గాంధారం! దూరాలు మారగానే పేర్లు మారాయి, పేర్లతో పాటు రసమూ మారిపోయింది. ఇల్లు అదే, గదులూ అవే, గుమ్మం ఒక్కటి మార్చితే లోపలి వెలుగంతా మారినట్టు!

ఒకటిన్నర నుంచి మొదలెడితే శుద్ధ సావేరి. రెండున్నర నుంచి ఉదయరవిచంద్రిక. అయిదు మెట్లు, అయిదు రాగాలు! ఇలా స ని జరపడాన్ని గ్రహభేదం అంటారు. అయిదు స్వరాల రాగాన్ని ఔడవం అంటారు. ఎంత పొట్టి మాటలు, ఎంత పెద్ద ఆకాశం!

ఊరుకోగలనా? తెల్ల మెట్ల మీద పడ్డాను. ఒకటి నుంచి శంకరాభరణం, రెండు నుంచి ఖరహరప్రియ, మూడు నుంచి తోడి, నాలుగు నుంచి కల్యాణి, ఐదు నుంచి హరికాంభోజి, ఆరు నుంచి నఠభైరవి! మన మహారాగాలు ఆరు ఒకే వరసలో! ఏడు దగ్గర మాత్రం ఆగాలి. అక్కడి నుంచి లెక్కిస్తే ప పడాల్సిన చోట తెల్ల మెట్టు లేదు. కదలకూడని ప లేకపోతే మేళకర్త, అంటే ఏడు స్వరాలూ ఉండే మూలరాగం, కాదు.

ఒక్క మాట. మెట్ల మీద వినబడేది రాగానికి అస్థిపంజరమే. తోడి గాంధారం మెట్టులా బిగుసుకుని నిలబడితే అది తోడి కాదు. ఊగాలి, జారాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. ఆ కదలికే గమకం. అందుకే మెట్టు నొక్కాక గొంతుతోనూ పాడి చూడండి, ప్రాణం అక్కడ వస్తుంది.

సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ స్వరాలు మొదలుపెట్టేది మాయామాళవగౌళతో కదా. ఒకటిని స చేస్తే దాని మెట్లు ఇవి: ఒకటి, ఒకటిన్నర, మూడు, నాలుగు, ఐదు, ఐదున్నర, ఏడు. 72 మేళకర్తల పట్టికలో దాని స్థానం 15. ఇప్పుడు అవే మెట్లు ఉంచి, స ని ఒకటిన్నర మీదికి జరపండి. వచ్చేది రసికప్రియ! పట్టికలో చిట్టచివరిది, 72వది! పసిపిల్లల మొదటి పాఠంలోనే ఆఖరి మేళకర్త! నాలుగు మీదికి జరిపితే సింహేంద్రమధ్యమం, 57వది! రండి, కీబోర్డు దింపండి, ఇప్పుడే నొక్కి చూడండి!