విలువిద్యయు తల్లుల విచారణయు

ఇంద్రకీలాద్రిపై అర్జునుడు తపమొనర్చి, కిరాతవేషమున వచ్చిన పరమేశ్వరుని మెప్పించి పాశుపతాస్త్రము వడసెనని బెజవాడవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ విజయుని పేరనే ఈ పట్టణము విజయవాడ యయ్యెనని వాడుక. కథ యెట్టిదైనను, ఈ కాలమున కృష్ణాతీరమునందు విలువిద్య మరల చిగురించి, బాలురతోపాటు బాలికలకును పేరు దెచ్చుచున్నదనుట మన కన్నులయెదుటి సత్యము.

1996లో జన్మించిన వెన్నం జ్యోతిసురేఖగారు ఈ పట్టణపు ఆడపడుచే. పసితనముననే కృష్ణానదిని ఈది పేరొందిన యీమె, తరువాత విల్లు చేపట్టి, 2017లో అర్జున పురస్కారమును, 2023లో చైనాదేశపు హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములను పొందిరి. ఈ యూరివాడేయగు బొమ్మదేవర ధీరజ్ 2024లో పారిస్ ఒలింపిక్సునందు అంకితా భకత్‌తో గూడి మిశ్రమజట్టు పోటీలో నాలుగవ స్థానము నందెను. ఇచటి వోల్గా ఆర్చరీ అకాడమీ పేరు దేశమంతట వినబడినది. అందు శిక్షకుడై, 2010లో రోడ్డు ప్రమాదమున అకాలమరణము నొందిన చెఱుకూరి లెనిన్ కుటుంబమునందే పుట్టిన పసిపాప యొకతె, మూడేండ్లు నిండకమునుపే, 2015లో ఐదు మీటర్లనుండియు ఏడు మీటర్లనుండియు బాణములు వేసి రెండువందలకు మించిన పాయింట్లు గడించెను. ఇట్టి వార్తలు విను ఇండ్లలో పిల్లలు ఊరకుందురా?

మా యింటివారు ఉపాధ్యాయులు. మా పెద్దమ్మాయికి పదునొకండేండ్లు. తోడి బాలికలతో ఒకనాడు విలువిద్యాభ్యాసము చూచి వచ్చినది మొదలు, తానును నేర్చుకొందునని దాని పట్టు. ఆ మాట మా అత్తగారి చెవిని పడినంతనే, “పతకము రాకున్న మనకేమి లోటు? కన్ను పోయినచో తెచ్చి పెట్టువారెవరమ్మా?” అనిరి. పిల్ల కంట నీరు పెట్టెను. మా యింటివారు చదువుచున్న పత్రికను ప్రక్కన నుంచి, “అమ్మ భయమును త్రోసివేయరాదు; పిల్ల యాసను త్రోసివేయరాదు. నీవు స్వయముగా పోయి చూచి, నీకు తోచినది చెప్పుము” అనిరి. ఆ మాట మాకును న్యాయముగ తోచెను. వరుసగా మూడు ఆదివారములు ఉదయముననే పోయి, తక్కిన తల్లులతో గూడ చెట్టునీడను కూర్చుండి చూచితిమి.

మైదానమున మొట్టమొదట మా దృష్టి నాకర్షించినది నేలపై సున్నముతో గీచిన తెల్లని గీత. బాణము వేయువారందఱును ఆ యొక్క గీతపై వరుసగా నిలువవలయును. దానికి ముందు ఏ ప్రాణియు నుండరాదు. కొన్ని అడుగుల వెనుక మఱియొక గీత కలదు; వంతు రానివారు దాని కావల వేచియుందురు. అచట ఈలయే శాసనము. రెండు ఈలలు వినబడగానే విలుకాండ్రు గీతకడకు వత్తురు. ఒక్క యీలకు బాణము సంధింతురు. మూడు ఈలలైన పిదప బాణములు తెచ్చుకొనబోదురు. ఐదుగాని, అంతకు మించిగాని ఈలలు ఎడతెగక మ్రోగినచో ఆపదయని యర్థము. నారిని నిండుగ లాగియున్నవారును బాణము విడువక, మెల్లగా విల్లు దించి, ఆ బాణమును మరల అమ్ములపొదిలో నుంచవలయును. ఈ సంకేతములు మన యూర కల్పించినవి కావు. అంతర్జాతీయపు పోటీలయందును ఇవియే యాచారము.

బాణములు తెచ్చుకొనుటకు ఎవ్వరును పరుగెత్తరాదట. పిల్లలు నడుచుటకంటె పరుగెత్తుటయే సహజము గదా, ఇంత కట్టడి యేలయని మేమడుగగా, శిక్షకులు, “అమ్మా, పలకలో నాటిన బాణముల తోకలన్నియు మనవైపే చూచుచుండును. పరుగున వచ్చి తూలి పడిన పిల్లకు ఆ తోకయే మొన” అనిరి. బాణము పెరుకునపుడును ఒక చేత పలకను అదిమిపట్టి, వెనుక నెవ్వరును లేరని చూచి, తిన్నగా లాగవలయును. బాణము లేకుండ ఆటకై నారి లాగి విడుచుటయు నేరమే. బాణమునకు పోవలసిన బలమంతయు విల్లుపైననే పడి, అది పగిలి ముఖమున తగులవచ్చును. క్రొత్తగా చేరిన చిన్నవారికి తేలికయైన విండ్లిచ్చి, పిల్ల బలము పెరిగినకొలది విల్లు మార్చుచుందురు. ముంజేతికి పట్టీయు, వ్రేళ్లకు తోలుతునుకయు కట్టుకొనుట చూచి, రామలక్ష్మణులు ధరించిరని చదివిన గోధాంగుళిత్రములు ఇవియేగదా యని మాకు ముచ్చట గలిగెను.

ఇంత జాగరూకత యేలయని యడుగువారు బాణపు వేగమును తెలిసికొనవలయును. పోటీలలో వాడు కాంపౌండు విల్లునుండి వెడలిన బాణము సెకనునకు ఇంచుమించు 300 అడుగులు పోవును. ఏబది మీటర్ల దూరముననున్న పలకను చేరుటకు దానికి సెకనైనను పట్టదు. తప్పుకొమ్మను కేక నోట వెడలునంతలో అది నాటియే యుండును. 2020 జనవరిలో అస్సాము రాష్ట్రపు దిబ్రూగఢ్ జిల్లాలో, అభ్యాసస్థలముననే పండ్రెండేండ్ల బాలిక మెడకడ బాణము దిగెను. బిడ్డను విమానముపై ఢిల్లీకి గొనిపోయి, అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో శస్త్రచికిత్స చేసి దానిని తీసిరి. ప్రాణము దక్కినది. అయినను ఆ వార్త చదివిన తల్లి దానిని మఱవజాలదు. మా అత్తగారి భయము వట్టి చాదస్తము గాదని చెప్పుటకే దీని నిచట వ్రాసితిమి.

చిన్ననాట మా తండ్రిగారు రామాయణ భారతములు చెప్పునపుడు వీరుల జయములే మా మనస్సున నాటినవి. ఇప్పుడు తల్లులమై మరల చూడగా, ఆ గ్రంథములు విలువిద్యను పొగడినంతగా దాని యనర్థములకు కన్నీరు గార్చినవని తెలియవచ్చుచున్నది. దశరథుడు సరయూతీరమున చీకటిలో నీటి చప్పుడు విని, ఏనుగని తలచి బాణము విడిచెను. కడవ ముంచుచున్న మునికుమారుడు కూలెను. పాండురాజు వేసిన బాణము మృగరూపమున నున్న కిందమమునిని చంపెను. జరయను వేటకాడు మృగమని భ్రమసి వేసిన బాణమే శ్రీకృష్ణుని నిర్యాణమునకు నిమిత్తమయ్యెను. ఈ మువ్వురిలో గురి తప్పినవా డొక్కడును లేడు. ఎదుటనున్న దేమో యెఱుగక విడుచుటవలననే ఆ దుఃఖములన్నియు కలిగినవి.

ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునుడు పక్షి తలను దప్ప వేఱేమియు చూడలేదని మనమందఱము మెచ్చుకొందుము. ఆ పక్షి ప్రాణములేని బొమ్మయనియు, దానిని చెట్టుపై నిలిపించినవాడు గురువేయనియు, బాణము విడువుమని యానతిచ్చినదియు ఆయనయే యనియు తలచుకొనువారు తక్కువ. శిష్యుడు గురినొక్కదానినే చూడవలెనన్నచో, మిగిలినదంతయు చూచు కన్ను వేఱొకటి యుండవలయును. మఱియు సౌప్తికపర్వమున అస్త్రమును మరలించుకొను నేర్పు అర్జునునకు కలదు, అశ్వత్థామకు లేదు. అశ్వత్థామ విడిచిన యస్త్రము పోయి పోయి ఉత్తర గర్భముననున్న శిశువును తాకెను. విడుచుట మాత్రమే నేర్చినవాని విద్య కడకొక తల్లి కడుపునకు చిచ్చు పెట్టినదని వ్యాసులవారు చెప్పుచున్నారు. దీనికంటె స్త్రీలకు వేఱు హెచ్చరిక యేల?

ఈ మాట కన్నులార చూచు నవకాశము మాకు సంక్రాంతి సెలవులలో కలిగెను. దివిసీమవైపు నొక గ్రామమున, పాఠశాల మైదానములో, ముగ్గుల పోటీలతోను ఆటల పోటీలతోను పాటు బాలబాలికల విలువిద్యా ప్రదర్శన మేర్పాటు చేసిరి. అత్తగారును మాతో వచ్చిరి. మన డెల్టా యంతయు చదును నేల; బాణము నడ్డుటకు గుట్టలు లేవు. గడ్డిమోపులపై పలకలు నిలిపి, వాని వెనుక పెద్ద వల కట్టిరి. వల కావల కాలువకట్ట. ప్రదర్శన ముగియువఱకు కట్టపై ఎవ్వరును రాకుండ ఇరుప్రక్కల నొక్కొక యువకుని కాపుంచిరి. అభ్యాసదినములలో పిల్లలును గురువులును మాత్రమే యుందురు. ఉత్సవదినమున నిలుకడలేని పసిపిల్లలు, దారి యెఱుగని చుట్టములు, తొందరపెట్టు లౌడుస్పీకరు, అన్నియు చేరును. కావున ఆ దినముననే కాపుదల యెక్కువగ నుండవలయును.

పదునాలుగేండ్ల బాలిక యొకతె గీతపై నిలిచి, నారిని చెక్కిలివఱకు లాగెను. జనమంతయు నిశ్శబ్దము. ఆ సమయమున, కాపున్న యువకుడు ప్రదర్శన చూచు వేడుకలో ఏమఱగా, దూడను తఱుముకొనుచు చిన్న కుఱ్ఱవాడొకడు కట్టపైకెక్కెను. శిక్షకుని యీల ఎడతెగక మ్రోగెను. ఆ బాలిక చేయి వణకలేదు. లాగిన నారిని లాగినట్లే మెల్లగా వెనుకకు వదలించి, విల్లు దించి, బాణమును పొదిలో నుంచి, ఒక్కడుగు వెనుకకు వేసి నిలిచెను. సంగతి తెలియనివారు కొందఱు “అయ్యో, వేయలేకపోయెనే!” అని నవ్విరి. శిక్షకులు కుఱ్ఱవానిని దింపించి, కాపును సరిచేసి, మైకు నందుకొని, “ఇంతవఱకు వేసిన బాణములన్నిటికంటె ఈ వేయని బాణము గొప్పది, ఈ పిల్లకు చప్పట్లు కొట్టుడు” అనిరి. మైదానమంతయు మ్రోగెను.

తిరుగు ప్రయాణమున బస్సులో అత్తగారు చాలసేపు పలుకలేదు. పామఱ్ఱు దాటిన పిదప, “అమ్మాయీ, ఆ పిల్లకు నేర్పినవారెవరో కనుగొనుము. అట్లు దించుట నేర్పువారికడకైనచో మన పిల్లను పంపవచ్చును” అనిరి. మా పెద్దమ్మాయి బామ్మ యొడిలో తల దూర్చెను. ఇప్పుడది వారమునకు మూడుదినములు అభ్యాసమునకు పోవుచున్నది.

పిల్లలను పంపదలచిన సోదరీమణులకు మేము కనుగొన్నవి కొన్ని మనవి చేయుదుము. చేర్చుటకు ముందు ఏ పతకములు వచ్చినవని యడుగుటకంటె, పలకల వెనుక ఏమున్నదో కన్నులార చూడవలయును: గోడయా, వలయా, లేక జనులు నడచు బాటయా? ఒక్క గురువు కంటిక్రింద ఎందఱు పిల్లలున్నారు? గురువు లేనపుడు విండ్లు తాళములో నుండునా? ఎడతెగని యీలకు ఏమి చేయవలెనని యే పిల్ల నడిగినను తడువుకొనక చెప్పునా? గాయమునకు కట్టుకట్టు సామగ్రి కలదా? దగ్గరి వైద్యశాల యెంత దూరము? ప్రదర్శనదినమున ప్రక్కల కాపు ఎవరిది? ఇట్టి ప్రశ్నలకు విసుగుకొనక బదులు చెప్పుచోటికి పిల్లను పంపవచ్చును. ఆడువారికి ఇవేల యని నవ్వుచోటనుండి పిల్ల చేయి పట్టుకొని తిరిగి వచ్చుట మేలు.

ఇంటివద్ద మన పనియు కొంత కలదు. జడను బిగించి వెనుకకు ముడువవలయును. జూకాలు, మెడగొలుసు, గాజులు తీసి పంపవలయును. వ్రేలాడు ఓణీ, వదులు చేతుల చొక్కా పనికిరావు, నారి వానిని తగులుకొనును. గడ్డిలో పడిన బాణము పాదమున గ్రుచ్చుకొనకుండ మూసిన బూట్లు తొడుగవలయును. మన యెండలకు ఉదయపు వేళయే తగినది, నీళ్లసీసా మఱవరాదు. విల్లు ఇంటికి వచ్చినచో తమ్ములు చెల్లెండ్రు దానిని ఆటవస్తువు చేసికొనకుండ, బాణములు వేఱు, విల్లు వేఱుగా పెట్టెలలో తాళము వేసి యుంచవలయును. పాండవులంతటివారు ఆయుధములను మూటగట్టి, పరుల కంటబడకుండ జమ్మిచెట్టున దాచి, మరల పని గలిగినపుడే దించిరి. దసరానాడు జమ్మికి మ్రొక్కు మనకు ఈ మాట క్రొత్తగాదు.

భయపడి పిల్లలను ఇంట కట్టివేయుట సులభము. పేరుకై కన్నులు మూసికొని పంపుటయు సులభమే. పోయి చూచి, అడిగి, తెలిసికొని పంపుట కొంచెము శ్రమ. ఈ శ్రమకు తల్లులు వెనుదీయకున్నచో, మన కృష్ణాతీరమున విల్లు పట్టు బాలికలు ఇంకను పెక్కుమంది యగుదురు. వారి నడుమ నిలిచి చూచు మనకును గుండె నిబ్బరముగ నుండును.