అలుగు లేని సముద్రం

మా చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిని పట్టుకుని తూర్పుకు పోతే కోదాడ, విజయవాడ దాటాక మచిలీపట్నంలో ఆ రోడ్డు ఆగిపోతుంది. ఆపైన సముద్రమే. సుమారు రెండు వందల కిలోమీటర్లు. చివ్వెంలలో పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామంది ఆ చివర చూసినవాళ్ళు కారు. ఎనిమిదో తరగతిలో జీవశాస్త్రం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "సార్, అంత ఉప్పు నీళ్ళల్ల చేపలెట్ల బతుకుతయ్?" అని అడిగింది. నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను గానీ ఆ జవాబు నాకే చాలలేదు. ఆ కార్తీకంలో మా ముందు గదిలో నాలుగడుగుల అద్దాల తొట్టి పెట్టాను.

రెండు వందల లీటర్ల నీళ్ళు, ఏడు కిలోల పైచిలుకు ఉప్పు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలో ఉప్పుతోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లాంటివెన్నో ఉంటాయి. అవన్నీ కలిపిన ఉప్పే సంచుల్లో వస్తుంది. లీటరుకు 35 గ్రాముల లెక్కన కలిపి, సాంద్రత 1.025 వచ్చిందా లేదా అని చూసుకోవాలి. పగడాల జోలికి నేను పోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి 2001లో పగడాలు చేరాయి. పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే. అలా ఉండడమే న్యాయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అందుకని ఇసుక, సిమెంటు, గవ్వల పొడి కలిపి రాళ్ళు నేనే పోసుకున్నాను. పచ్చి సిమెంటులోంచి సున్నం ఊరి నీళ్ళ క్షారం చేపలు బతకలేనంతగా పెరుగుతుంది. కాబట్టి రెండు నెలలు వాటిని పెరటి గాబులో నానేసి, నీళ్ళు మారుస్తూ వచ్చాను. చేపలేమో కేంద్రాల్లో పొదిగించినవి, నారింజ రంగు మీద తెల్ల పట్టీల క్లౌన్ చేపలు రెండు. వాటిని పొదిగించి పెంచే పద్ధతిని మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు కూడా సాధించారు. తొమ్మిది చిన్న నత్తలు చెన్నై నుంచి వచ్చాయి. వాటిలో ఒకదాని గుల్ల మీద గులాబి మరకలున్నాయి. ఆ రోజు వాటిని నేను పట్టించుకోలేదు.

మూడో వారంలో గోధుమ రంగు మొదలైంది. తెల్లటి ఇసుక మీద ఎవరో టీ డికాక్షన్ ఒలకబోసినట్టుగా. వేలితో రాస్తే పోయేది, సాయంత్రానికి మళ్ళీ వచ్చేది. చుక్క నీళ్ళు తీసి బడిలోని సూక్ష్మదర్శిని కింద పెట్టాను. సన్నని పడవలు! బంగారు గోధుమ రంగు పడవలు, తెడ్లు లేకుండానే అటూ ఇటూ జారుతూ పోతున్నాయి. వీటిని డయాటములంటారు. ఒక్కొక్కటీ గాజు పెట్టెలో కాపురముంటుంది. పెట్టెకి మూత కూడా ఉంటుంది, అడుగు భాగం మీద సరిగ్గా కూర్చునేలా. ఆ గాజు సిలికా. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగ క్రియలో అయిదోవంతు ఈ కంటికానని పడవలే చేస్తాయంటారు. తరగతి పిల్లలందరినీ వరసలో నిలబెట్టి చూపించాను. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

ఆ సిలికా నా తొట్టిలోకి ఎట్లా వచ్చింది? మా ఊళ్ళో తాగే నీళ్ళ ప్లాంటు క్యాన్లు తెచ్చి పోశాను. ఆ నీళ్ళు మూలాన బోరు నీళ్ళే. ఉండ్రుగొండ గుట్టలు చూసినవాళ్ళకు తెలుసు, మాదంతా గ్రానైటు రాయి నేల. ఆ రాయి కొద్దికొద్దిగా కరిగి నీళ్ళలో సిలికా కలుస్తుంది, ప్లాంటు జల్లెడ దాన్ని పూర్తిగా ఆపలేదు. ఇదే సిలికాను మన వరి కూడా తాగుతుంది. మిర్యాలగూడ మిల్లుల్లో ఊక కాల్చిన బూడిదలో ఎక్కువ భాగం అదే. వరి గింజ మీది గరుకు, డయాటం గాజు పెట్టె, గుట్ట మీది బండ, మూడూ ఒకే సరుకు. అది తెలిశాక ఆ గోధుమ మరక మీద నాకు కోపం రాలేదు. సిలికా అయిపోయిన రోజున అది తనంతట తానే పలచబడింది.

తరవాత కొన్నాళ్ళు ఇసుక మీద ఎర్రటి జిగురు తెర. పేరుకు పాచి గానీ అది బాక్టీరియా కోవకి చెందిన నీలి ఆకుపచ్చ నాచుకు చుట్టం. మన వరిమడిలో నీళ్ళ మీద తేలే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి మడికి ఎరువుగా ఇస్తుందని 1939లో పి.కె. డే అనే బెంగాలీ శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీ పత్రికలో చూపించాడు. మా నాయిన మడిలో ఆ నాచు తేలితే మంచి గుర్తనేవాడు. ఆయన డే పేరు విని ఉండడు. ఈ ఎర్ర తెరని రబ్బరు గొట్టంతో పీల్చి పారబోశాను, నీటి ప్రవాహం పెంచాను, పోయింది.

అసలు పరీక్ష ఆకుపచ్చది. మాఘంలో పెద్దగట్టు జాతరకు లింగమంతుల స్వామి దర్శనానికి చుట్టాలొచ్చి మా ఇంట్లో దిగారు. అప్పటికి రాళ్ళన్నీ జుట్టు పెంచుకున్నట్టు జానెడు పచ్చటి పోగులతో నిండిపోయాయి. చేపలు ఆ పోగుల్లోంచి తలలు పెట్టి చూస్తున్నాయి. "గడ్డి పెంచుతున్నవా బావా?" అని మా మరదలు అడిగింది. పిల్లలు వచ్చినప్పుడల్లా చిటికెడు మేత వేశారు, చేపలు నోరు తెరుచుకుని పైకి వస్తుంటే ఎవరు మాత్రం వెయ్యకుండా ఉంటారు?

నేను తొందరపడ్డాను. హైదరాబాదులో ఒక దుకాణంలో పాచి మందు సీసా ఇచ్చారు, రాత్రికి రాత్రే పోతుందన్నారు. నిజంగానే పోయింది. తెల్లారేసరికి పచ్చటి జుట్టంతా తెల్లబారి, నీళ్ళు బియ్యం కడిగినట్టయ్యాయి. చేపలు నీటి పైపొరకు వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. తొమ్మిదిలో ఏడు నత్తలు బోర్లా పడి ఉన్నాయి. మందు చంపిందో, చచ్చిన పాచి కుళ్ళి నీటిలోని ప్రాణవాయువంతా తాగేసి చంపిందో. రెండు బకెట్ల ఉప్పునీళ్ళు కలిపి మార్చి, గాలి పంపు పెట్టి, చేపల్ని బతికించుకున్నాను. ఆ ఏడు గుల్లల్నీ కడిగి, పారెయ్యబుద్ధి కాక కిటికీలో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

మూడు వారాలకు పచ్చదనం మళ్ళీ వచ్చింది, ముందుకంటె ఒత్తుగా.

ఎందుకని ఆలోచిస్తే మా ఊరి చెరువే గుర్తొచ్చింది. చెరువుకు అలుగుంటుంది, తూముంటుంది. వాన ఎక్కువైన ఏడు అలుగు పారితే పాత నీళ్ళు, వాటితోపాటు పాత కసువు కొట్టుకుపోతాయి. నా తొట్టికి అలుగు లేదు. నీళ్ళు ఆవిరవుతాయి గానీ నీళ్ళలో వేసినదేదీ ఆవిరి కాదు. ఎండాకాలంలో రోజుకి మూడు లీటర్లు తగ్గేవి, ఆ మేరకు మంచినీళ్ళు పోసేవాణ్ణి. ఆ మూడు లీటర్లు పోతూ పోతూ ఉప్పునీ, సిలికానీ, మేతలోని భాస్వరాన్నీ అక్కడే వదిలేసి పోతాయి. చేప తిన్నది పెంటయి, అందులోంచి అమ్మోనియా వచ్చి, బాక్టీరియా చేతుల్లో పడి నైట్రైట్, నైట్రేట్ అవుతుంది. తొట్టి కుదురుకోవడానికి పట్టే నాలుగు నుంచి ఆరు వారాలూ ఈ బాక్టీరియా పెరగడానికే. ఆపైన నైట్రేటుని, భాస్వరాన్ని వాడుకునే వాళ్ళెవరో ఒకరు ఉండాలి కదా. కొత్త తొట్టిలో ఇంకా ఎవరూ లేరు. ఉన్నది పాచి ఒక్కటే.

1934లో ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సముద్రాల నీటినీ, అందులో తేలే సూక్ష్మజీవుల్నీ పోల్చి మొదలుపెట్టిన లెక్క ఒకటుంది. సముద్రపు నాచుకణంలో భాస్వరం ఒక పాలు ఉంటే నత్రజని 16 పాళ్ళు, కర్బనం 106 పాళ్ళు ఉంటాయి. ఆ లెక్క చూసినప్పుడు నాకు విషయం వెలిగింది. చిటికెడు భాస్వరం వందింతల పచ్చదనాన్ని పుట్టిస్తుంది. మందు కొట్టి చంపితే ఆ భాస్వరం మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది. అదే పచ్చదనాన్ని పీకి బయట పారేస్తే, దాంతోపాటు భాస్వరమూ గడప దాటుతుంది. చెరువులో పూడిక తీసి పొలానికి తోలడం ఇదే కదా! మూసీ సంగతి కూడా ఇదే. హైదరాబాదు మురుగంతా మోసుకుని, మా సూర్యాపేట పక్కనుంచి దిగి, వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్ళ మీద పరుచుకునే గుర్రపుడెక్కను చూసి మొక్కని తిట్టేవాళ్ళను చాలామందిని విన్నాను. మొక్క ఏం చేస్తుంది? పైన లక్షల ఇళ్ళు పంపింది తింటోంది. దాన్ని చూసినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. నా తొట్టికి నేనొక్కణ్ణే పైఊరు, ఆ ఏటికి ఎన్ని ఊళ్ళు!

అప్పటినుంచి రాత్రి అన్నాలయ్యాక పని మొదలు. పాత పళ్ళ బ్రష్షు ఒకటి, చిన్న గొట్టం ఒకటి. పచ్చటి పోగుల్ని బ్రష్షుకు చుట్టి, దారపుకండె చుట్టినట్టు మెల్లగా తిప్పి లాగితే మొదలంటా వస్తాయి. పిండితే పిడికెడు. లైటు రోజుకి పది గంటలనుంచి ఆరు గంటలకు తగ్గించాను. మేత ఒక్కపూట, చేపలు తిన్నంతే. పిల్లల కోసం ఒక చిన్న స్పూను తొట్టి పక్కన కట్టి, రోజుకొకరి వంతు పెట్టాను. వారానికోసారి ఇరవై లీటర్లు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోశాను. అదే నా తూము. ప్లాంటు నీళ్ళను మళ్ళీ వడగట్టడానికి రెసిన్ గొట్టం ఒకటి కొన్నాను. నీళ్ళలో కరిగినవాటిని కొలిచే మీటరు సున్నా చూపిస్తేనే పోసేవాణ్ణి.

అమ్మ మంచం తొట్టికి ఎదురుగా ఉంటుంది. మొదట్లో ఆమె ఏమీ అనలేదు. ఒక రాత్రి నేను విసుగ్గా బ్రష్షు పక్కన పడేస్తే అన్నది:

"నీళ్ళున్న కాడ పాచి ఉంటదిరా. దాన్ని తిట్టుడెందుకు? గాబు కడిగినట్టు కడుగుడే."

మా గాబు కథ నాకు కళ్ళకు కట్టింది. పదిహేను రోజులకోసారి నీళ్ళన్నీ తోడి చెట్లకు పోసి, అమ్మ అందులోకి దిగి కొబ్బరి పీచుతో రుద్దేది. ఎండనిచ్చి, లోపల సున్నం కొట్టేది. సున్నం కొట్టిన గాబుకు పాచి ఆలస్యంగా పట్టేది. ఆ సున్నం మాట పట్టుకుని చదివితే, సముద్రపు తొట్లు పెంచేవాళ్ళు కూడా సున్నపు తేట వాడతారని తెలిసింది. లీటరు నీళ్ళలో గ్రామున్నర పైచిలుకే కరుగుతుంది. ఆ తేటను రాత్రిపూట చుక్కచుక్కగా వదిలితే నీళ్ళకు కాల్షియం అందుతుంది, భాస్వరం కొంత గట్టిపడి విడిపోతుంది. గబుక్కున పోస్తే మాత్రం చేపలు చస్తాయి. ల్యాబులో వాడే శుద్ధమైన రకం తెచ్చి సెలైన్ గొట్టం లాంటిది బిగించాను.

సున్నం ఎక్కణ్ణుంచి వస్తుంది? మా జిల్లాలోనే మట్టంపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంటు కర్మాగారాలున్నది ఆ రాయి కోసమే. కృష్ణ ఒడ్డున పల్నాడు దాకా పరుచుకున్న ఆ సున్నపురాయి, చేపలు ఇంకా పుట్టని కాలంలో ఒక లోతులేని సముద్రం అడుగున పేరుకున్నది. కడప జిల్లా వేంపల్లె రాళ్ళలో అయితే 180 కోట్ల ఏళ్ళకు పైబడిన పాచి తెరలు, పొరమీద పొరగా, పుట్టగొడుగుల గుత్తుల్లా రాయైపోయి కనిపిస్తాయి. ఆ మాట చదివి లేచి వెళ్ళి నా సిమెంటు రాయిని చేతిలోకి తీసుకున్నాను. నేను రోడ్డు చివరి నుంచి సముద్రాన్ని తెచ్చాననుకున్నాను. అది మా నేలలోనే ఉంది, పాచితో సహా.

వేసవి సెలవుల్లో విశాఖ వెళ్ళినప్పుడు అలలు వెనక్కి తగ్గిన వేళ బండల మీద నడిచాను. కాలు జారేంత పచ్చగా ఉన్నాయి. అక్కడి రాళ్ళ మీది నాచుల గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు రాసిన పరిశోధన వ్యాసం 1964లోనే ఇంగ్లండు 'జర్నల్ ఆఫ్ ఎకాలజీ'లో వచ్చింది. ఆటుపోట్ల వేళలు చూసుకుంటూ, తడి బండల మీద వంగి నాచు లెక్కపెట్టిన ఆ ఇద్దరు తెలుగువాళ్ళకు నేను అక్కడే మనసులో దండం పెట్టుకున్నాను. సముద్రంలో ఎవరూ పాచిని తీసెయ్యాలనుకోరు. పగడం లోపల కూడా ఒక రకం నాచు కాపురముండి దానికి అన్నం పెడుతుంది. నీళ్ళు మరీ వేడెక్కి ఆ నాచు బయటికి పోతే పగడం తెల్లబారి పస్తుంటుంది.

వానలు పడేసరికి పచ్చటి జుట్టు వేలెడు పొడవుకు, ఆపైన వెంట్రుకంతకు తగ్గింది. మధ్యాహ్నం లైటు వెలుగులో మిగిలిన ప్రతి పోగు కొసనా ఒక ప్రాణవాయువు బుడగ నిలబడి, ఉన్నట్టుండి తెగి పైకి పోయేది. ఆనాడు తరగతిలో ఉప్పునీళ్ళ చేపల గురించి అడిగిన అమ్మాయిని ఇంటికి పిలిచి చూపించాను. ఆమె ముక్కు అద్దానికి ఆనించి, చేపల్ని వదిలేసి ఆ బుడగల్నే లెక్కపెట్టింది.

భాద్రపదంలో ఒక పొద్దున తొట్టి అద్దం తుడవడానికి అమ్మ గుడ్డ పట్టుకుని లేచింది. నాకు సాయం చెయ్యాలని అప్పుడప్పుడూ తుడుస్తుంది. మూల రాయి వెనక పక్కకు వంగి చాలాసేపు చూసింది. బతికిన రెండు నత్తల్లో గులాబి మరకలున్నది ఎప్పుడూ అక్కడే తిరుగుతుంది. అది పాకిన దారిలో, నేను పోసిన సిమెంటు మీద, మెంతిగింజంత గులాబి చుక్క ఉంది. దాని పక్కన ఇంకోటి, ఆవగింజంత. నత్త గుల్ల మీద ఎక్కి వచ్చిన సున్నపు నాచు అది. నీళ్ళలోని కాల్షియం తీసుకుని తనే రాయిగా మారే నాచు.

"గీడ కూడా ఏదో పట్టిందిరా, ఎర్రగ," అన్నది అమ్మ. "తుడవనా?"

నేను పరుగున వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను.