మిద్దె మీద పచ్చ వల

గ్రీన్‌హౌస్ చలిదేశాల తెలివి. బయట మంచు కురుస్తుంటే అద్దాల గదిలో ఎండను దాచుకుని మొక్కలు పెంచుతారు. మన చిత్తూరులో ఎండను దాచుకోవడమేమిటి, అది ఎక్కడికైనా పోతే కదా! అందుకే మా మిద్దె మీద అద్దాలు లేవు. నాలుగు ఇనుప కమ్మీలు, పైన సగం ఎండను ఆపే పచ్చ షేడ్‌నెట్, అంతే.

కత్తిరి ఎండల్లో దాని విలువ తెలుస్తుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రీ ఉక్కపోస్తే పుప్పొడి చచ్చుబడి టమోటా పూత రాలిపోతుంది. మదనపల్లె టమోటాకు అంత పేరు రావడంలో ఆ ఊరి ఎత్తుకూ, చల్లదనానికీ వాటా ఉంది. చిత్తూరుకు ఆ భాగ్యం లేదు. కాబట్టి మేలో టమోటా జోలికి పోను. తోటకూర, కొత్తిమీరతో సరిపెట్టుకుంటాను. కొత్తిమీర వేడికి తొందరపడి పూతకొస్తుంది, నీడలో కాస్త ఓపిక పడుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు. ఆ మబ్బు రోజుల్లో వల చుట్టేయాలి, లేకుంటే మొక్కలు వెలుతురు కోసం సన్నగా సాగిపోతాయి. వల అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు. పక్కలు కూడా మూసేస్తే తేనెటీగ రాదు. టమోటాకైతే పూలకొమ్మను తడితే చాలు. కాకరకు మాత్రం మగపువ్వు తెంచి ఆడపువ్వుకు మనమే అద్దాలి. పొద్దున్నే చేసే ఈ పెళ్ళిళ్ళ పేరయ్య పని నాకు భలే ఇష్టం.

పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన గ్రీన్‌హౌస్) కిట్లు కొనబోయేవాళ్ళు ముందు ఒక వేసవి షేడ్‌నెట్ కట్టి చూడండి. చాలామందికి అదే సరిపోతుంది.